ఒక యువ రచయితకు: మాడిసన్ వినతిపత్రాన్ని మూలంలో చదువు

చిరంజీవికి ఆశీస్సులు.

తొలినాటి అమెరికా ప్రభుత్వ భావనల మీద నీవు రాసిన వ్యాసం చదివాను. ప్యూరిటన్లను (కఠిన నిష్ఠ గల ప్రొటెస్టెంట్ క్రైస్తవులను) ఒక పక్కన, ప్రజల సమ్మతే ప్రభుత్వానికి ఆధారమన్న ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్‌ను చదివినవారిని మరో పక్కన నిలబెట్టి, 1776లో హేతువు విశ్వాసాన్ని ఓడించిందని మొదటి పేజీలోనే తీర్పు చెప్పేశావు. నీవు చూపిన ఆధారాలే ఆ తీర్పుకు అడ్డు వస్తున్నాయి. ప్రభుత్వాలకు న్యాయమైన అధికారం ప్రజల సమ్మతి వల్లనే వస్తుందని చెప్పిన 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనే, ఆ ప్రజలకు హక్కులు ఇచ్చినవాడు సృష్టికర్త అని కూడా చెప్పింది. అదే ఏడు జనవరిలో థామస్ పెయిన్ 'కామన్ సెన్స్' అనే కరపత్రంలో రాజరికాన్ని ఖండించడానికి, తమకూ ఒక రాజు కావాలని ఇశ్రాయేలీయులు పట్టుబట్టిన బైబిలు ఘట్టాన్నే ఎత్తుకున్నాడు. అంతకు చాలా ముందే, 1750లో, పాలకులకు లోబడమని బైబిలులో పౌలు చేసిన బోధ నిరంకుశులకు వర్తించదని బోస్టన్ పాస్టర్ జోనథన్ మేహ్యూ ప్రసంగించాడు.

నీవు రెండు వాక్యాల్లో దాటేసిన వర్జీనియా రాష్ట్రం దగ్గరే అసలు విషయం ఉంది. క్రైస్తవ బోధకుల పోషణకు పన్ను వేయాలని 1784లో అక్కడి నాయకుడు పాట్రిక్ హెన్రీ పట్టుబట్టినప్పుడు, దాన్ని ఎదిరిస్తూ మరుసటి ఏడు, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జేమ్స్ మాడిసన్ ఒక వినతిపత్రం రాశాడు. సారాంశాలతో సరిపెట్టుకోకుండా దాన్ని మూలంలో చదువు. సృష్టికర్త పట్ల మనిషికున్న బాధ్యత, పౌర సమాజం అతని మీద చూపే హక్కుకంటే ముందుదని మొదటి అంశంలోనే అంటాడు. ఒక మతవ్యవస్థ కోసం పౌరుడి నుంచి మూడు పెన్నీలు బలవంతంగా తీసుకోగల ప్రభుత్వం, రేపు అతన్ని ఇంకే మతవ్యవస్థకైనా తల వంచేలా చేయగలదని కొంచెం తర్వాత హెచ్చరిస్తాడు. వీటిలో ఏది మతం, ఏది హేతువు? నాకు విడదీయడం సాధ్యం కాలేదు, విడదీయాలనీ అనిపించలేదు. ప్రిన్స్‌టన్‌లో ప్రెస్బిటేరియన్ మతగురువు జాన్ విదర్‌స్పూన్ దగ్గర చదువుకున్నవాడి రచన అది.

అలాగని విభేదాలే లేవని రాయకు. అనుమతి లేకుండా బోధించినందుకు వర్జీనియాలో జైళ్లకు వెళ్లిన బాప్టిస్టు శాఖ క్రైస్తవులకు కావలసింది ప్రభుత్వం చేయి తగలని విశ్వాసం. స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్‌కు కావలసింది మతాధికారపు పట్టు లేని బుద్ధి. ఇద్దరి అవసరమూ 1786 నాటి వర్జీనియా మతస్వేచ్ఛా చట్టంలో తీరింది. మసాచుసెట్స్‌లో మాత్రం ప్రొటెస్టెంట్ బోధకుల పోషణను పట్టణాల మీద మోపిన 1780 రాజ్యాంగపు ఏర్పాటు 1833 దాకా రద్దు కాలేదు. అవే పుస్తకాలు చదివి, అదే దేవుణ్ణి కొలిచినవారు రెండు చోట్ల రెండు దారులు ఎందుకు పట్టారో వెతికి, వ్యాసం రెండో సగాన్ని ఆ ప్రశ్న చుట్టూ తిరిగి రాసి పంపు.