తపస్సు కాలపు ధ్యానాలు రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

క్రీస్తు నాథునిలో శుభాలు. తపస్సు కాలానికీ (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలు), ఈస్టర్‌కూ నువ్వు రాసి పంపిన ధ్యానాలన్నీ చదివాను. భాష బాగుంది, భక్తీ ఉంది. కానీ దాదాపు ప్రతి దానిలో రెండో పేరాకే "మనం కూడా" అన్న మాట వచ్చేస్తోంది. సువిశేషంలో (సువార్తలో) ఏం జరిగిందో పాఠకుడు ఇంకా చూడనే లేదు, అప్పుడే అతను ఏం చేయాలో చెప్పేస్తున్నావు. పఠనంలో, అంటే ఆ రోజు పూజలో చదివే బైబిలు భాగంలో, ఉన్నది పూర్తిగా చూపించేదాకా బోధ జోలికి వెళ్లకు. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

ఆదివారం పఠనాలు ఏ, బీ, సీ అని మూడేళ్ల వరసలో తిరుగుతాయి. వాటిలో 'ఏ' సంవత్సరంలో తపస్సు కాలం ఐదో ఆదివారం, చనిపోయిన లాజరును యేసు బతికించిన సువిశేషం వస్తుంది కదా, యోహాను 11వ అధ్యాయం. అందరూ రాసేది "లాజరూ, బయటికి రా" అన్న పిలుపు గురించే. నువ్వు 44వ వచనం దగ్గర ఆగు. లాజరు బయటికైతే వచ్చాడు గానీ కాళ్లకూ చేతులకూ కట్లు అలాగే ఉన్నాయి, ముఖానికి గుడ్డ చుట్టే ఉంది. వాటిని తనంతట తాను విప్పుకోలేడు. కట్లు విప్పి పోనివ్వమని యేసు అక్కడున్నవాళ్లకు చెప్పాల్సి వచ్చింది. మరో రెండు వారాలకు, ఈస్టర్ రోజున, అదే యోహాను 20వ అధ్యాయం వింటాం. పేతురు సమాధిలోకి వెళ్లి చూస్తే నారబట్టలు పడి ఉన్నాయి. తలకు కట్టిన గుడ్డ మాత్రం వాటితో కాకుండా, వేరుగా చుట్టి పెట్టి ఉంది. ఇక్కడ కట్లు విప్పమని ఎవరికీ చెప్పే పని లేకపోయింది. లాజరు మళ్లీ చనిపోవాల్సినవాడు, ప్రభువుకు ఇక చావు లేదు. ఈ తేడాను యోహాను విడమరిచి చెప్పడు. రెండు చోట్లా గుడ్డను చూపించి ఊరుకుంటాడు. నువ్వూ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టు, పాఠకుడికి అందుతుంది.

ఇలాంటివి కంటపడాలంటే ఆదివారం పఠనాలు సోమవారమే చేతిలోకి తీసుకోవాలి. శనివారం రాత్రి తెరిస్తే టెన్షన్‌లో పాత ప్రసంగాల మాటలే కలంలోకి వస్తాయి. భక్తి కీర్తనతో సహా అన్నీ పైకి చదువు, ఎందుకంటే పూజలో జనం వాటిని చెవితోనే అందుకుంటారు. మొదటి పఠనాన్ని సువిశేషానికి బలవంతంగా ముడిపెట్టకు. తపస్సు కాలపు ఆదివారాల్లో ఆ పఠనాలు రక్షణ చరిత్రను తమ వరసలో చెప్పుకుంటూ పోతాయి. 'ఏ' సంవత్సరమే తీసుకో: ఆదాము హవ్వలు, అబ్రాహాము పిలుపు, బండ నుంచి నీళ్లు, దావీదు అభిషేకం, సమాధులు తెరుస్తానన్న యెహెజ్కేలు ప్రవచనం. ఆ నడకను ఒక్కసారైనా పాఠకుడికి చూపించు.

'సీ' సంవత్సరంలో తప్పిపోయిన కుమారుడి కథ దగ్గర తమ్ముడు తిరిగొచ్చాడని అలిగి బయట నిలబడ్డ పెద్దకొడుకును నువ్వు ఇంట్లోకి పంపేశావు. లూకా పంపలేదు. తండ్రి బయటికొచ్చి బతిమాలడంతో కథ ఆగింది, అతను లోపలికి వెళ్లాడో లేదో మనకు తెలియదు. సువిశేషం మూయని తలుపు మనం మూయకూడదు.

పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) గురించి రాసేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకో. యోహాను రాసిన శ్రమల చరిత్రలో "యూదులు" అన్న మాట మాటిమాటికీ వస్తుంది. ప్రభువు మరణానికి ఆనాటి యూదులందరినీ గానీ, నేటి యూదులను గానీ బాధ్యులను చేయకూడదని కతోలిక సభ జరిపిన రెండో వాటికన్ మహాసభ 1965లోనే తేల్చి చెప్పింది. యేసూ యూదుడే, మరియ తల్లీ యూదురాలే. ఈ విషయంలో నీ వాక్యం ఒక్కటి కూడా జారకూడదు.

ఈస్టర్ ధ్యానాల్లో కేకలు తగ్గించు. మగ్దల మరియ సమాధి బయట ఏడుస్తోంది, శిష్యులు తలుపులు వేసుకుని కూర్చున్నారు, తోమాసు నమ్మనంటున్నాడు. పాస్కా (ఈస్టర్) రెండో ఆదివారం ఏ సంవత్సరమైనా తోమాసు సువిశేషమే చదువుతారు. ఆనందం ఈ భయాల మధ్యకే వచ్చింది, వాటిని దాచేస్తే అది ఎక్కడికి వచ్చిందో తెలియదు. పాస్కా కాలం 50 రోజులుంటుంది, అంతా మొదటి రోజే చెప్పేయనక్కర్లేదు.

పాస్కా జాగరణ, అంటే ఈస్టర్ ముందు రాత్రి జరిగే పూజ, మీద నువ్వు ఇంకా ఏమీ రాయలేదు. పాత నిబంధన నుంచి 7 పఠనాలు ఉంటాయి. ముందు నిర్గమకాండం 14వ అధ్యాయంతో మొదలుపెట్టు, మిగతావి కుదించినా ఆ పఠనాన్ని వదలకూడదు. జాగరణలో చదివే భాగం 15వ వచనంతో మొదలవుతుంది. దానికి కాస్త ముందే, అదే అధ్యాయంలో, సముద్రానికీ ఫరో సైన్యానికీ మధ్య చిక్కుకున్న జనం మోషే మీద విరుచుకుపడే చోటు ఉంది, 11వ వచనం. ముందు ఆ ఒక్క దాని మీద ఒక పేజీ రాసి పంపు.

ప్రభువు ప్రేమలో,
నీ అన్నయ్య