మీ కంప్యూటర్ సందేహాలు: సీడీలో ఇరుక్కున్న అర్జునుడు

ప్ర: చంద్రగిరి పక్కన మా ఊళ్ళో 2004లో భారతం జరిగినప్పుడు మా తాత అర్జునుడి వేషం కట్టి తపసు మాను (తపస్సు ఘట్టంలో అర్జునుడు ఎక్కే పొడుగాటి మాను) ఎక్కినారు. స్టూడియో వాళ్ళు తీసిచ్చిన వీసీడీ (వీడియో సీడీ) ఇంట్లో ఉంది. తాత ఇప్పుడు లేరు, అవ్వేమో ఒక్కసారి చూపించమని పోరుతోంది. కంప్యూటర్లో పెడితే చివర డాట్ (.dat) అని ఉన్న ఫైల్ ఒకటి కనబడుతోంది, నొక్కితే నోట్‌ప్యాడ్‌లో పిచ్చి అక్షరాలు. పోనీ కాపీ చేద్దామంటే సగంలో ఎర్రర్ వచ్చి ఆగిపోతోంది. ఇక పోయినట్టేనా సార్?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జ: పోలేదమ్మా, టెన్షన్ పడొద్దు. పిచ్చి అక్షరాలకీ కాపీ ఆగిపోవడానికీ సంబంధం లేదు, అవి రెండూ వేరువేరు సమస్యలు. మొదటిది తేలిక. డాట్ అనే తోకని రకరకాల ఫైళ్ళకి పెడతారు కాబట్టి అది వీడియో అని విండోస్‌కి తెలీదు, అంతే. లోపలున్నది ఎంపెగ్-1 అనే పాతకాలం వీడియో. వీఎల్‌సీ ప్లేయర్ వేసుకుని ఆ ఫైల్‌ని అందులోకి లాగి వదలండి, ఆడుతుంది. ఫైల్‌ని హార్డ్ డిస్క్‌లోకి తెచ్చుకోగలిగితే డాట్ తీసేసి ఎంపీజీ అని పేరు మార్చినా చాలా ప్లేయర్లు తీసుకుంటాయి.

అసలు చిక్కు రెండోదానితోనే. మామూలు డేటా సీడీలో గీత పడితే సరిదిద్దుకోవడానికి ప్రతి సెక్టారులోనూ (సమాచారాన్ని ముక్కలుగా దాచే చిన్న గడిలోనూ) కొంత అదనపు సమాచారం దాస్తారు. వీసీడీలో 74 నిమిషాల బొమ్మ పట్టించాలి కదా, అందుకని వీడియో ఉన్నచోట దాంట్లో చాలా భాగం తీసేసి, 2048 బైట్లు పట్టే సెక్టారులో 2324 నింపారు. కాబట్టి చిన్న గీతకే బొమ్మ గళ్ళుగళ్ళుగా విరుగుతుంది. ప్లేయరైతే ఆ ముక్క వదిలేసి ముందుకు పోతుంది, విండోస్ కాపీ మాత్రం అక్కడే మొండికేస్తుంది. ఐసోబస్టర్ అనే ప్రోగ్రాం చదవలేని సెక్టార్లని దాటేసి మిగతాది తీసిస్తుంది, దాంతో ప్రయత్నించండి. రాకపోతే ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి, ఒక డ్రైవ్ చదవని డిస్క్‌ని ఇంకోటి చదవడం నేను చాలాసార్లు చూశాను.

సీడీని మెత్తటి నూలుగుడ్డతో మధ్యలోంచి అంచుకి నిలువుగా తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవకండి. పైన స్టూడియో స్టిక్కర్ ఉంటే దాని జోలికే పోవద్దు. డేటా ఉండే పొర ఆ పైవైపే, పల్చటి లక్క కింద ఉంటుంది. మా చెల్లెలి పెళ్ళి సీడీకి స్టిక్కర్ నీట్‌గా పీకుదామని నేను చేసిన నిర్వాకం వల్ల తలంబ్రాలు మొత్తం దాంతోపాటే ఊడొచ్చేశాయి, ఆ సంగతి ఇప్పటికీ ఇంట్లో ఎత్తుతారు.

ఫైల్ నిమిషానికి దాదాపు 10 ఎంబీ ఉంటుంది, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇంకో చోట ఒకటి దాచండి. పెద్ద టీవీలో మాత్రం పెట్టకండి. బొమ్మ 352 బై 288 చుక్కలే, మాను మీద తాత మొహం అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. చిన్న తెరమీదే అవ్వకి బాగుంటుంది.

ప్ర: పాత ఫోన్‌లో తీసిన గంగమ్మ జాతర 3జీపీ వీడియోలు టీవీలో బొమ్మ వస్తోంది, శబ్దం లేదు. కోడెక్ ప్యాక్ అని ఏదో డౌన్‌లోడ్ చేయమంటున్నారు.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జ: చేయకండి. కోడెక్ ప్యాక్ అంటే రకరకాల వీడియో, శబ్దం పద్ధతుల్ని కంప్యూటర్‌కి నేర్పే ప్రోగ్రాముల కట్ట. ఆ పేరుతో దొరికేవాటిలో సగం చెత్త, కొన్నైతే వైరస్‌లు, పైగా మీ టీవీకి అవి పనికిరావు. పాత ఫోన్లు శబ్దాన్ని ఏఎంఆర్ అనే పద్ధతిలో దాచేవి, ఫోన్ మాటల కోసం చేసినది, మీ టీవీకి అది రాదు. కంప్యూటర్లో హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రాంతో ఎంపీ4గా మార్చి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. డప్పులు మాత్రం రేకు మీద వాన పడినట్టే వినిపిస్తాయి, ఆ పద్ధతిలో దాచింది అంతే. పాత ఫైళ్ళు చెరపకండి.

ప్ర: ఏవీఐ సినిమా ఆడుతోంది గానీ ముందుకి జరపబోతే జరగట్లేదు.
– ఇంకో పాఠకుడు, తిరుపతి

జ: ఏ సీను ఎక్కడుందో చెప్పే సూచిక ఏవీఐలో మామూలుగా ఫైల్ చివర ఉంటుంది. కాపీ మధ్యలో ఆగిపోయుంటే అది రాలేదన్నమాట. వీఎల్‌సీలో తెరిస్తే సూచిక కట్టమంటావా అని అడుగుతుంది, సరే అనండి. అసలు ఫైల్ ఇంకా ఎక్కడైనా ఉంటే మళ్ళీ కాపీ చేసుకోవడం మేలు, లేదంటే క్లైమాక్స్ కూడా ఉండకపోవచ్చు.