బోర్డు కడుతున్న అల్లుడికి

ఒంగోలు

చిరంజీవి అల్లుడికి,

మధ్యలో ఒకే చక్రం ఉండి, మోటారుతో తనంతట తానే నిలదొక్కుకునే ఒంటి చక్రం బోర్డు నువ్వే కడతానంటున్నావని అమ్మ చెప్పింది. కట్టు, వద్దనను. పాత హోవర్‌బోర్డులోంచి హబ్ మోటారు (చక్రం లోపలే ఉండే మోటారు) తీసుకుంటే ఖర్చు బాగా కలిసొస్తుంది. ఫ్రేముకు చెక్క వద్దు, అల్యూమినియం యాంగిల్ వాడు.

బోర్డు ఎంత వాలిందో చెప్పే ఎంపీయూ-6050 సెన్సరు వదులు లేకుండా బిగించు. అందులో తిరిగే వేగాన్ని కొలిచే గైరో చురుకే గానీ, కాసేపటికి లెక్క పక్కకు జారుతుంది. కదలికనూ భూమి లాగడాన్నీ పసిగట్టే యాక్సిలరోమీటరు జారదు, కానీ ప్రతి కుదుపుకీ ఉలిక్కిపడుతుంది. అందుకే చాలామంది నూటికి గైరోను 98 పాళ్లు, యాక్సిలరోమీటరును 2 పాళ్లు నమ్ముతూ కోడు రాస్తారు. చక్రం గాల్లో ఉంచి, బోర్డు ముక్కు (ముందు కొస) కిందికి వంచి చూడు. చక్రం ముందుకే తిరగాలి. వెనక్కి తిరిగితే ఎక్కొద్దు. వాలును బట్టి మోటారుకు ఎంత బలమివ్వాలో తేల్చే పీఐడీ లెక్క సంగతి నీకే బాగా తెలుసు.

అసలు భయం వేరే ఉంది. అరచేతి మీద కర్ర నిలబెట్టేటప్పుడు అది ఎటు వాలితే చెయ్యి అటు పరిగెత్తాలి కదా, ఇక్కడ ఆ చెయ్యి మోటారే. నిన్ను నడిపేదీ, పడకుండా పట్టేదీ అదే. దాని బలమంతా వేగానికే ఖర్చయిందనుకో, నువ్వు ఇంకాస్త వాలగానే ముక్కు నేలకు కొడుతుంది, నువ్వు ముందుకు ఎగిరి పడతావు. అందుకని మోటారుకిచ్చే డ్యూటీ (బ్యాటరీ ఓల్టేజీలో మోటారుకు అందించే వాటా) 70 శాతం దాటగానే ముక్కు పైకి లేచి నిన్ను వెనక్కి నెట్టేలా కోడు రాయి. గంటకు ఇన్ని కిలోమీటర్లని హద్దు పెడితే చాలదు. 36 ఓల్టుల బ్యాటరీ ప్యాకు నిండా ఉంటే 42 చూపిస్తుంది, ఛార్జ్ దిగితే 30 దగ్గరికి వస్తుంది. పొద్దున అందుకున్న వేగం సాయంత్రం అందదు.

మైపాడు బీచ్ ఇసుకలో వీడియో తీద్దామని నీ స్నేహితులు అంటారు, వెళ్లకు. ఇసుకలో చక్రం తిప్పడానికే మోటారు బలం సరిపోతుంది, పైగా కనెక్టర్లకు ఉప్పుగాలి. ఫుల్ ఛార్జ్‌తో వంతెన కూడా దిగొద్దు. బ్రేకు పడితే మోటారు కరెంటును ప్యాకులోకి తోస్తుంది, ప్యాకును కాపాడే బీఎంఎస్ సర్క్యూటు కట్ చేసిందంటే నీ కింద బోర్డు అక్కడికక్కడే చచ్చిపోతుంది.

ముందు కాలి కింద స్విచ్ తప్పనిసరి. కాలు తీస్తే మోటారు ఆగాలి.

రోహిణి కార్తెలో మీ నెల్లూరు డాబా గదిలో మధ్యాహ్నం ఛార్జింగ్ పెట్టకు. 45 డిగ్రీలు దాటిన లిథియం సెల్స్‌ను ఛార్జ్ చేయకూడదు. చల్లబడ్డాక, నీ కళ్ల ముందే పెట్టుకో.

ఆదివారం మల్టీమీటరు తీసుకుని వస్తా. అప్పటిదాకా బ్యాటరీ కలపకు. హెల్మెట్ కొన్నావా?

మీ మామయ్య