డిఫెండర్‌గా ఆడినవాళ్లు మంచి కోచ్‌లవుతారా? రాబిన్ ఫ్రేజర్‌ని గమనించాక నా జవాబు

మీరు అడిగినవి రెండు: ఫుట్‌బాల్‌లో డిఫెండర్లు, అంటే గోల్ పడకుండా వెనక కాపు కాసేవాళ్లు, మంచి కోచ్‌లవుతారనే మాట నిజమేనా, బయటి దేశం నుంచి వచ్చినవాడికి ఆ దారి ఎలా ఉంటుంది అని.

నేను ఫుట్‌బాల్ ఆడి పెరిగినవాణ్ణి కాదు. వరంగల్ దగ్గర పల్లె మాది, మా ఆట కబడ్డీ. అమెరికాలోని డెన్వర్ వచ్చాక కూతురి వల్ల ఈ ఆటలో పడ్డాను. కొన్నేళ్లు వాళ్ల జట్టుకి జీతం లేని కోచ్‌గా ఉన్నాను. ఆ రోజుల్లోనే ఇక్కడి కొలరాడో రాపిడ్స్ జట్టుకి రాబిన్ ఫ్రేజర్ కోచ్‌గా వచ్చాడు. ఆయన గురించి చెబితే మీ రెండు ప్రశ్నలకీ జవాబు దొరుకుతుందనుకుంటున్నాను.

ఫ్రేజర్ 1966లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టాడు, మయామీలో పెరిగాడు, ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీకి ఆడాడు. చదువయ్యేసరికి అమెరికాలో ఆడటానికి పెద్ద లీగే లేదు. పాత లీగ్ ఎన్‌ఏఎస్‌ఎల్ 1984 సీజన్‌తో మూతపడింది, ఇప్పటి పెద్ద లీగ్ ఎంఎల్‌ఎస్ (మేజర్ లీగ్ సాకర్) 1996లో గానీ మొదలు కాలేదు. ఆ ఖాళీ ఏళ్లలో కొలరాడో ఫాక్సెస్ అనే జట్టుకి ఆడాడు. 1992, 1993లో అప్పటి ఏపీఎస్‌ఎల్ అనే లీగ్ టైటిల్ ఆ జట్టుదే. ఎంఎల్‌ఎస్ మొదలై లాస్ ఏంజెలెస్ గెలాక్సీలో చేరేనాటికి ఆయనకి 29 ఏళ్లు. ఆటగాడికి అది మంచి వయసు దాటిపోతున్న సమయం. అలాంటిది 1999లో లీగ్‌లో ఉత్తమ డిఫెండర్ అవార్డు అందుకున్నాడు. 2004లో కొలంబస్ క్రూకి ఆడుతూ మళ్లీ అందుకున్నాడు, 37 ఏళ్ల వయసులో! ఆ వయసులో కాళ్ల వేగంతో ఎవరినీ ఆపలేరు. ముందే పసిగట్టగలగాలి, పక్కవాణ్ణి సరైన చోట నిలబెట్టగలగాలి. మీ మొదటి ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉందని నా నమ్మకం.

సెంటర్ బ్యాక్‌కి, అంటే వెనక వరుస మధ్యలో నిలబడే డిఫెండర్‌కి, మైదానమంతా ఎదురుగా కనిపిస్తుంది. గోల్ కొట్టే స్ట్రైకర్ ఎక్కువసేపు గోల్‌కి వీపు పెట్టి ఆడతాడు, తన వెనక ఏం జరుగుతోందో ఎవరో చెప్పాలి. ఆ చెప్పేవాడు డిఫెండర్. తొంభై నిమిషాలూ "ముందుకి రా", "వెనక మనిషున్నాడు", "ఎడమకి జరుగు" అని నోరు ఆడుతూనే ఉండాలి. కోచ్ పని కూడా అదే కదా.

ఇది నాకు పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. మా జట్టులో వెనక నలుగురు అమ్మాయిలు ఎవరికి వారే బంతి వెంట పరిగెత్తేవాళ్లు, మధ్యలోంచి గోల్ పడిపోయేది. ఎంత చెప్పినా ఎక్కలేదు. ఒకరోజు నాకు మా ఊరి కబడ్డీ గుర్తొచ్చింది. కూతకొచ్చినవాణ్ణి పట్టాలంటే చేయీ చేయీ పట్టుకుని గొలుసుగా కదులుతాం. ఒకడు తొందరపడి ముందుకి ఉరికితే గొలుసు తెగుతుంది, కూతగాడు ఆ సందులోంచి తప్పించుకుంటాడు. మర్నాడు బట్టలారేసే తాడు ఒకటి పట్టుకెళ్లి నలుగురి చేతికీ ఇచ్చాను. తాడు లాక్కుపోకూడదు, నేలకి జారకూడదు, బంతి ఎటు పోతే అటు నలుగురూ కలిసి జరగాలి, అంతే. మొదటి పది నిమిషాలు ఒకరినొకరు లాగేసుకున్నారు. మా అమ్మాయి ఇంట్లో తప్ప బయట గట్టిగా మాట్లాడని పిల్ల. తాడు చేతిలో కోసుకుపోతుంటే తట్టుకోలేక "ఆగండి! అందరూ ఆగండి!" అని అరిచింది. ముగ్గురూ ఆగారు. తన మాటకి ముగ్గురు ఆగడం ఆ పిల్ల అదే మొదటిసారి చూడటం. దాని ముఖం నాకిప్పటికీ కళ్లముందుంది.

ఇక రెండో ప్రశ్న. ఫ్రేజర్ మనలా పెద్దయ్యాక విమానం ఎక్కినవాడు కాదు, కాబట్టి భాషా యాసా ఆయనకి అడ్డు కాలేదు. కానీ ఎంఎల్‌ఎస్‌లో నల్లజాతి ఆటగాళ్లు ఎంతమంది ఉన్నా, ఆ మనుషుల్లోంచి ప్రధాన కోచ్‌లైనవాళ్లని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అలాంటి చోట మొదటి అవకాశం పోతే రెండోది రావడం మహా కష్టం.

ఆయనకి సరిగ్గా అదే జరిగింది. రియల్ సాల్ట్ లేక్‌లో అసిస్టెంట్‌గా 2009లో లీగ్ ఛాంపియన్‌కిచ్చే ఎంఎల్‌ఎస్ కప్ గెలుపులో పాలు పంచుకుని, 2011లో చివాస్ యూఎస్‌ఏకి ప్రధాన కోచ్ అయ్యాడు. రెండు సీజన్లూ జట్టు ప్లేఆఫ్స్ (కప్ కోసం చివర్లో జరిగే నాకౌట్ మ్యాచ్‌లు) చేరలేదు, ఉద్యోగం పోయింది. తర్వాత దాదాపు ఏడేళ్లు మళ్లీ అసిస్టెంటే, మొదట న్యూయార్క్ రెడ్ బుల్స్‌లో, ఆ తర్వాత టొరంటో ఎఫ్‌సీలో. టొరంటోలో ప్రధాన కోచ్ ఎవరనుకున్నారు? గ్రెగ్ వానీ. గెలాక్సీలో తనతోపాటు డిఫెన్స్‌లో ఆడినవాడు, చివాస్‌లో తన కింద అసిస్టెంట్‌గా చేసినవాడు. ఇప్పుడు అతని కింద ఈయన! ఆ ఇద్దరూ కలిసి పనిచేసిన 2017లో టొరంటో ఎంఎల్‌ఎస్ కప్, సపోర్టర్స్ షీల్డ్ (లీగ్ మ్యాచ్‌ల్లో అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న జట్టుకిచ్చేది), కెనడియన్ ఛాంపియన్‌షిప్ మూడూ గెలిచింది. ఒకే ఏడాదిలో ఆ మూడు గెలవడం అదే మొదలు.

ఈ భాగం నన్ను ఎందుకింత పట్టుకుందో చెప్పాలి. ఒక కంపెనీలో నన్ను టీమ్ లీడ్‌ని చేసి, ఏడాది తిరక్కుండా తీసేశారు. నేను పని నేర్పిన కుర్రాడే నాకు లీడ్ అయ్యాడు. రెండు నెలలు అతనితో ముభావంగా ఉన్నాను. అతని తప్పేమీ లేదని తెలుసు, అయినా మనసు ఒప్పుకోలేదు. ఆ సమయంలో ఫ్రేజర్, వానీల సంగతి చదివి, మర్నాడు పొద్దున్నే ఆ కుర్రాణ్ణి కాఫీకి పిలిచాను.

2019 ఆగస్టులో ఫ్రేజర్ రాపిడ్స్‌కి వచ్చాడు. 2021లో జట్టు 61 పాయింట్లతో వెస్టర్న్ కాన్ఫరెన్స్‌లో (లీగ్‌లో పడమటి జట్ల విభాగం) మొదటి స్థానంలో నిలిచింది. భారీ జీతాల స్టార్లు లేని జట్టది. ఆ నవంబర్ 25న, థాంక్స్‌గివింగ్ రోజు, కామర్స్ సిటీలోని రాపిడ్స్ స్టేడియంలో పోర్ట్‌లాండ్‌తో ప్లేఆఫ్ మ్యాచ్‌కి నేనూ మా అమ్మాయీ వెళ్లాం. 90వ నిమిషంలో పోర్ట్‌లాండ్ డిఫెండర్ లారీస్ మబియాలా గోల్ కొట్టాడు. 0-1. ఏడాది శ్రమంతా ఒక్క బంతితో పోయింది. మరుసటి ఏడు ప్లేఆఫ్స్ అందలేదు, 2023 సెప్టెంబర్‌లో ఫ్రేజర్‌ని తీసేశారు. 2025 జనవరిలో టొరంటోయే ఆయన్ని పిలిచి ఈసారి ప్రధాన కోచ్‌ని చేసింది. ఒకప్పుడు అసిస్టెంట్‌గా పనిచేసిన ఊరికే, 58 ఏళ్ల వయసులో.

ఆ థాంక్స్‌గివింగ్ రోజు కారు దాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. సీట్ బెల్ట్ పెట్టుకుంటూ మా అమ్మాయి అడిగింది: "నాన్నా, ఆ గోల్ అప్పుడు మనవాళ్లలో ఎవరు అరిచి చెప్పాలి?" ఇంటికి వచ్చేదాకా అదే మాట్లాడుకున్నాం.