గాక్ అంటే ఉత్త చూపు కాదు

‘ఇంగ్లిష్‌లో గాక్ అన్నా స్టేర్ అన్నా ఒకటేనా?’ అని అడిగారు. కాదు. స్టేర్ అంటే రెప్ప వేయకుండా తదేకంగా చూడటం. వెనక కోపం ఉండొచ్చు, పరధ్యానమూ కావచ్చు. గాక్‌లో మర్యాద తక్కువ: గుడ్లప్పగించి, వెర్రిమొహం వేసుకుని చూడటం. మా బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ జాతరలో పులివేషాలను కళ్లార్పకుండా చూస్తాం, దాన్ని గాక్ అనక్కర్లేదు. అవి చూడటానికేగా వేసేది! రోడ్డు మీద ఆటో బోల్తా పడితే సాయం పట్టకుండా చుట్టూ మూగి చూస్తారే, అది అచ్చంగా గాక్. రెండు మాటల తర్వాతా ‘ఎట్’ రావాలి: ‘డోంట్ గాక్ ఎట్ హర్’. తెలుగు అలవాటులో ‘స్టేరింగ్ మీ’ అనేస్తాం, నేనూ చాలాకాలం అలాగే అన్నాను. ఇక నోరెళ్లబెట్టి చూస్తే గేప్.