ఆ లెటర్‌లో మీ రొయ్యల గుంటలు ఎక్కడ?

ప్రశ్న: మేడమ్, మాది ఇందుకూరుపేట మండలం. 4 ఎకరాల్లో రొయ్యల గుంటలు వేస్తాం. మా పాప నెల్లూరులో బీఎస్సీ మైక్రోబయాలజీ పూర్తి చేసి ఏడాది దాటింది. ల్యాబులకీ, ఫీడ్ కంపెనీలకీ, ప్రాసెసింగ్ ప్లాంట్లకీ 40 అప్లికేషన్లు పెట్టాం. ఒక్క జవాబూ లేదు. పది వరకు తెలుగు మీడియం. కవర్ లెటర్ గట్టిగా ఉండాలని అందరూ అంటున్నారు. తెలిసిన నెట్ సెంటర్‌లో 1,500కి రాసిస్తామంటున్నారు. పాపేమో చాట్‌జీపీటీతో రాసుకుంటే చాలంటోంది, మొన్న అలాగే రాసి పంపింది. ఏది మేలు? మా తోడల్లుడు ఇవన్నీ మానేసి లక్ష ఖర్చయినా హైదరాబాద్ పంపి మెడికల్ కోడింగ్ నేర్పించమంటున్నాడు. పాపకి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పంపిన మెయిల్, లెటర్ జత చేస్తున్నాను.

జవాబు: పాపకి నిద్ర పట్టడం లేదని రాశారు. మీ మెయిల్ నాకు రాత్రి 1.40కి వచ్చింది. నిద్ర పట్టనిది ఎవరికో తర్వాత మాట్లాడుకుందాం.

ఈ ప్రశ్న కావలి నుంచి వస్తుంది, ఒంగోలు నుంచి వస్తుంది, కందుకూరు నుంచి వస్తుంది. "లెటర్ ఎలా రాయాలి మేడమ్" అని మొదలవుతుంది. రెండు నిమిషాలు మాట్లాడితే అసలు సంగతి బయటపడుతుంది: తెలుగు మీడియంలో వేసి పిల్లకు అన్యాయం చేశామా? మీ ప్రశ్నలోనూ "పది వరకు తెలుగు మీడియం" అన్న ముక్క ముందుకీ వెనక్కీ అతక్కుండా పడి ఉంది. మీరు అడగలేక వదిలేసింది అదే కాబట్టి ముందు దానికే చెబుతున్నాను. అన్యాయమేమీ జరగలేదు. జవాబులు రాకపోవడానికి కారణం మీడియం కాదు. కారణం మీరు జత చేసిన మెయిల్లోనే ఉంది, అందులో సగం మీ చేతి పనే.

'టు' అన్న గడిలో 38 అడ్రసులు వరసగా పెట్టారు. తెరిచిన ప్రతి మేనేజర్‌కీ మిగతా 37 కంపెనీల పేర్లు కనిపిస్తాయి. ఒకే శుభలేఖ మీద ఊళ్లో అందరి పేర్లూ రాసి ఇంటింటికీ తిప్పినట్టుంది. మెయిల్ లోపల ఒక్క అక్షరం లేదు, రెండు ఫైళ్లు మాత్రం తగిలించారు. ఒకదాని పేరు 'న్యూ డాక్యుమెంట్ ఫైనల్ 2'. పంపిన మెయిల్ ఐడీ మీ వ్యాపారం పేరు మీదిది. కింద ఉన్న ఫోన్ నంబరు మీది. ఇదేంటని ఫోన్‌లో అడిగితే, "కంపెనీ వాళ్లు ఏమడుగుతారో, పాప తడబడుతుంది మేడమ్" అన్నారు. అయ్యా, ఉద్యోగం మీకా, పాపకా? రేపు రిపోర్టు లేటయిందని ఒక రైతు ల్యాబులో కేకలేస్తే అప్పుడూ మీరే వెళ్లి సర్దిచెబుతారా? కంపెనీ నుంచి ఫోన్ వస్తే తండ్రి ఎత్తి "నాతో చెప్పండి" అన్నారంటే, అవతలి వాళ్లు మర్యాదగా పెట్టేసి జాబితాలో తర్వాతి పేరుకు వెళ్లిపోతారు.

కాబట్టి మీరు పెట్టినవి 40 అప్లికేషన్లు కావు. 38 మందికి కలిపి ఒకటి, విడిగా రెండు, మొత్తం మూడు. ఇది తిట్టడానికి చెప్పడం లేదు (కొంచెం తిట్టడానికే), పాపకి వినిపించడానికి చెబుతున్నాను. 40 చోట్ల తనను వద్దనుకున్నారని ఆ పిల్ల కుమిలిపోతోంది. వద్దనుకోవాలంటే ముందు చదవాలి కదా. అలాంటి మెయిల్‌ను చాలామంది తెరిచి కూడా ఉండరు.

ఇక లెటర్. డైనమిక్ అట, రిజల్ట్ ఓరియెంటెడ్ అట, మీ ప్రతిష్ఠాత్మక సంస్థ ఎదుగుదలకు తన నైపుణ్యాలను అంకితం చేస్తుందట. ఇంగ్లిష్‌లో ఒక్క తప్పు లేదు. నాలుగు పేరాల్లో మైక్రోబయాలజీ అన్న మాట ఒక్కసారి వచ్చింది. రొయ్య అన్న మాట రానే లేదు. రొయ్యల ఫీడ్ కంపెనీకి రాసిన ఉత్తరమండీ ఇది! పైగా పీసీఆర్‌లో (జన్యు పదార్థాన్ని బట్టి జబ్బు క్రిమిని పట్టే పరీక్ష) ప్రావీణ్యం ఉందని ఒక వాక్యం. పాపనడిగితే కాలేజీలో ఒకసారి మెషీన్ చూపించారంది. ఆ వాక్యం తను చెప్పలేదు, చాట్‌జీపీటీ తనంతట తానే కలిపింది, పాప గమనించలేదు. ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఉంటే మొదటి ప్రశ్న అక్కడే పడేది.

ఆ రోజు పాపతో అరగంట మాట్లాడాను. మీరు పక్కనుంచి అందిస్తూనే ఉన్నారు, అయినా నాకు కావలసింది దొరికింది. ఇంటర్ సెలవుల నుంచి గుంటల పీహెచ్ పొద్దునా సాయంత్రం తనే చూసి నోటుబుక్కులో రాస్తుందట. ఉప్పుశాతం, ఆల్కలినిటీ వారానికోసారి. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడటానికి గుంటలో దించే చెక్ ట్రేలో మేత ఎంత మిగిలిందో రాస్తుందట. పోయిన పంటలో ఒక గుంటలో రొయ్యలు గట్టు పక్కకి వచ్చి తేలుతుంటే, నీళ్లూ రొయ్యలూ శాంపిల్ పట్టి నెల్లూరు ల్యాబుకి పంపించింది తనే. ప్లేట్ల రిపోర్టులో పచ్చ కాలనీలు ఎక్కువున్నాయని చూసి, అవి విబ్రియో అనే బాక్టీరియాలో ఏ రకానికి గుర్తో మీకు వివరించిందట. షాపువాడు అంటగట్టబోయిన యాంటీబయాటిక్ వద్దని మీతో పోట్లాడిందట. ఇదంతా ఆ పిల్ల మాటల్లో దొర్లిపోయింది, గొప్పగా చెప్పుకోలేదు. అప్పుడు వెనక నుంచి మీ గొంతు: "అయ్యన్నీ లెటర్లో ఎందుకు మేడమ్, గుంటల్లో దిగడానికా చదివించింది?"

ఇక్కడే మీ మీద నాకు నిజంగా కోపం వచ్చింది. మీరు సిగ్గుపడి దాచిందే ఆ పిల్ల దగ్గరున్న అసలు సరుకు.

లెటర్ చదివే మనిషిని ఒకసారి ఊహించుకోండి. ఆక్వా ల్యాబు మేనేజర్. పొద్దున్నే రైతులు ఆక్సిజన్ కవర్లలో రొయ్యలూ, సీసాల్లో నీళ్లూ పట్టుకుని వచ్చి నిలబడతారు. వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బయితే మూడు నుంచి పది రోజుల్లో గుంట గుంటే పోవచ్చు. రొయ్యలు వెంటనే పట్టేయాలా ఆగాలా అన్నది ఆ రిపోర్టు మీద ఆధారపడి ఉంటుంది. అలాంటి చోట మేనేజర్‌కి డైనమిక్ మనిషితో ఏం పని? శాంపిళ్లు కలగాపులగం చేయకుండా లేబుల్ వేస్తుందా, చేసింది చేసినట్టు రాస్తుందా, రైతు అరిస్తే బెదిరిపోతుందా, ఆరు నెలలకే మానేస్తుందా అన్నవే ఆయన చూసేది. మూడేళ్ల నోటుబుక్కున్న పిల్ల ఈ నాలుగింటికీ జవాబు ఇప్పటికే రాసి పెట్టుకుంది.

ముందు లెటర్ తెలుగులో రాయించండి. అవును, తెలుగులోనే. ఏం చెప్పాలో తేలిన తర్వాత ఇంగ్లిష్ చిన్న పని. పాప ఫోన్‌లో నాకు చెప్పిన మాటల్నే వరసలో పెడితే ఇలా ఉంటుంది:

"మీ ల్యాబులో టెక్నీషియన్ పోస్టుకు దరఖాస్తు చేస్తున్నాను. మాకు ఇందుకూరుపేట మండలంలో 4 ఎకరాల వెనామీ రొయ్యల గుంటలున్నాయి. మూడేళ్లకు పైగా వాటి నీటి లెక్కలు నేనే కొలిచి రాస్తున్నాను. ఆ నోటుబుక్కు చూపించగలను. బీఎస్సీ మైక్రోబయాలజీలో మీడియా తయారీ, ప్లేటింగ్, గ్రామ్ స్టెయినింగ్ నా చేతులతో చేశాను. పీసీఆర్ చదువుకున్నాను గానీ సొంతంగా చేయలేదు, నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. శాంపిల్ తెచ్చే రైతు ఎంత కంగారులో ఉంటాడో మా ఇంట్లోనే చూశాను. నెల్లూరుకు రోజూ వచ్చి పోగలను, వచ్చే సోమవారం నుంచే చేరగలను."

ఇంతే. దీన్ని పొట్టి వాక్యాల ఇంగ్లిష్‌లో పెడితే అర పేజీ రాదు. రానక్కర్లేదు కూడా. తెలియనిది తెలియదని రాసిన ఆ పీసీఆర్ వాక్యాన్ని మీరు కొట్టేయమంటారని నాకు తెలుసు. కొట్టేయకండి. మిగతా వాక్యాలను నమ్మించేది అదే.

ప్రాసెసింగ్ ప్లాంటుకు రాసేటప్పుడు ఇదే కాగితం పంపకూడదు. అక్కడ పని ఎగుమతి సరుకు మీద: టోటల్ ప్లేట్ కౌంట్, ఈకోలై, సాల్మొనెల్లా పరీక్షలు, నిషేధించిన యాంటీబయాటిక్‌ల అవశేషాలు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల ఆనవాళ్లు బయటపడితే కంటైనరే వెనక్కి వచ్చే ప్రమాదం ఉంటుంది. షాపువాడి మందు వద్దని మీతో పోట్లాడిన ముచ్చట అక్కడ మొదటి పేరాలోకి రావాలి. ఫీడ్ కంపెనీకైతే చెక్ ట్రే లెక్కలు ముందుకు. నోటుబుక్కు ఒక్కటే, ఏ పేజీ తెరిచి చూపించాలన్నదే మారుతుంది. ఒక్కో మెయిల్ ఒక్కరికే వెళ్లాలి, లెటర్ మెయిల్ లోపలే ఉండాలి, రెజ్యూమె మాత్రం పీడీఎఫ్‌గా పాప పేరుతో జత కావాలి. తండ్రి పేరు, కులం, "పై వివరాలు సత్యమని ప్రమాణం చేస్తున్నాను" వగైరా లెటర్లో అక్కర్లేదు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. పెద్ద కంపెనీల ఆన్‌లైన్ ఫారాల్లో పెట్టిన కవర్ లెటర్‌ను అన్నిచోట్లా చదువుతారన్న నమ్మకం నాకు లేదు. మన తీరం వెంట ఉన్న చిన్న హేచరీల్లో, ల్యాబుల్లో అసలు మెయిలే చూడరు, వాట్సాప్ చూస్తారు. అక్కడికి పాప కాగితం పట్టుకుని నేరుగా వెళ్లడం మేలు. తోడుగా వెళ్లండి, గేటు బయటే ఉండండి.

నెట్ సెంటరా, చాట్‌జీపీటీనా అన్నారు. 1,500 ఇవ్వకండి, ఆ డబ్బుతో పీహెచ్ కిట్ కొనుక్కోండి. నెట్ సెంటర్ వాళ్లను అనడానికి నాకు మొహం లేదు లెండి. మొదట్లో నేనూ ఒక నమూనా లెటర్ తయారు చేసి కాలేజీల్లో పంచేదాన్ని. ఒకసారి ఒక మేనేజర్ తన టేబుల్ మీద పదకొండు లెటర్లు పరిచి చూపించారు. పేర్లు తప్ప అన్నీ ఒకటే, నా వాక్యాలే. ఒకదాంట్లో నేను ఖాళీ వదిలిన 'ఇక్కడ కంపెనీ పేరు రాయండి' కూడా అలాగే ఉంది. ఆ రోజు నుంచి నమూనా ఇవ్వడం మానేశాను. పైన రాసింది కూడా మీ పాప మాటలే, ఇంకొకరు ఎత్తి రాసుకుంటే వాళ్ల గుంటలు ఎక్కడని అడుగుతారు. చాట్‌జీపీటీని చివర్లో వాడుకోవచ్చు: తను రాసిన ఇంగ్లిష్ ఇచ్చి, తప్పులు మాత్రం దిద్దమని, కొత్తగా ఏమీ చేర్చవద్దని చెప్పాలి. దిద్దిన ప్రతి వాక్యాన్నీ పాప బయటికి చదివి, ఇది నేను చెప్పగలనా అని చూసుకోవాలి.

మీ తోడల్లుడి సలహా దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే లైఫ్ సైన్సెస్ చదివిన పిల్లలున్న ప్రతి ఇంట్లో ఇప్పుడిదే మాట. మెడికల్ కోడింగ్ మోసం కాదు. అమెరికా డాక్టర్లు రాసిన నోట్స్ చదివి, ఇన్సూరెన్స్ క్లెయిము కోసం జబ్బుకీ చికిత్సకీ కోడ్‌లు వేసే పని. హైదరాబాద్‌లో, చెన్నైలో మన పిల్లలు చాలామంది చేస్తున్నారు, బాగానే ఉన్నారు. 2015 అక్టోబరులో అమెరికా ఐసీడీ-10 అనే కొత్త కోడ్‌ల పట్టికకి మారినప్పుడు జబ్బుల కోడ్‌లే సుమారు 14,000 నుంచి 68,000 దాకా పెరిగాయి, మనుషుల అవసరం పెరిగింది. ఆ రోజుల్లో చేరినవాళ్లు ఇప్పుడు టీమ్ లీడ్‌లు. మీ తోడల్లుడు విన్నది వాళ్ల కథలని నా అనుమానం. ఇప్పుడు మామూలు కేసుల్లో మొదటి విడత కోడింగ్ సాఫ్ట్‌వేర్ చేసేయడం మొదలైంది, మనిషి దాన్ని సరిచూస్తాడు. సరిచూడాలంటే అనుభవం కావాలి. కొత్తగా వచ్చే పిల్లకి ఆ అనుభవం ఎక్కడ దొరుకుతుందన్నదే నా భయం. కోడింగ్ చేసేవాళ్లకిచ్చే సీపీసీ అనే సర్టిఫికెట్ పరీక్ష పాసైనా అనుభవం లేనివాళ్లకి మొదట 'ఏ' తగిలించి సీపీసీ-ఏ అని ఇస్తారు, అంటే అప్రెంటిస్. ఈ ముక్క కోచింగ్ కరపత్రంలో పెద్దక్షరాల్లో కనపడదు. 'నూరు శాతం ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్' అన్నప్పుడు చివరి మాట అసిస్టెన్స్ అని గుర్తుంచుకోండి.

నా అనుమానం తప్పు కావచ్చు. కానీ మూడేళ్లు నీళ్లు కొలిచిన పిల్లని, కళ్లముందు ల్యాబులు పెట్టుకుని, కేవలం మెయిల్ సరిగ్గా పంపనందుకు లక్ష ఖర్చు పెట్టి కుర్చీలో కూర్చోబెడతామంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. పాపే కోరుకుంటే వేరే సంగతి. అడిగారా? నేను అడిగాను. "నాన్న ఏది చెబితే అది మేడమ్" అంది, ఆ తర్వాత గొంతు తగ్గించి "ల్యాబయితే ఇష్టం" అంది.

ఇంగ్లిష్ గురించి ఒక్క మాట. ల్యాబు ఇంటర్వ్యూలో తడబడుతూ ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి, "తెలుగులో చెప్పమంటారా" అని అడిగి, నీళ్ల సంగతి గడగడా చెప్పి ఉద్యోగం తెచ్చుకున్న పిల్లలు నాకు తెలుసు. శాంపిల్ తెచ్చే రైతుతో ఏ భాషలో మాట్లాడతారు మరి?

ఈ వారం పాప పేరు మీద మెయిల్ ఐడీ చేయించండి, లెటర్లో తన నంబరే పెట్టించండి. మొదట ఐదు చోట్లకే, ఐదు వేర్వేరు లెటర్లు. ఒక్కొక్కటి పంపిన తేదీ ఆ నోటుబుక్కులోనే వెనక పేజీలో రాసుకోమనండి. పది రోజుల్లో జవాబు రాకపోతే పాపే ఫోన్ చేసి అడగాలి. తెలుగులో రాసిన మొదటి కాపీ నాకు పంపమనండి, చూస్తాను. ఈసారి మీ మెయిల్ నుంచి కాదు.