‘సిస్’లోని సకారం ‘సియిడే’లో ఏమైంది?

సందేహం: ఒక వ్యాసంలో ‘సిస్ మొదలైన జాతులున్న సియిడే జాతి బూజు పురుగులు’ అని చదివాను. సిస్ నుంచి వచ్చిన పేరైతే ‘సిసిడే’ కావాలి కదా? రెండు చోట్లా ‘జాతి’ అనవచ్చా?

సమాధానం: సియిడే అన్న రూపం సరైనదే. జంతుశాస్త్రంలో దగ్గరి జాతుల గుంపు ప్రజాతి, దగ్గరి ప్రజాతుల గుంపు కుటుంబం. కుటుంబానికి అందులోని ఒక ప్రజాతి పేరు మీదుగా, చివర ‘ఇడే’ చేర్చి పేరు పెడతారు. అయితే ఆ ‘ఇడే’ చేరేది ప్రథమా రూపానికి కాదు, షష్ఠిలో బయటపడే ప్రాతిపదికకు. సిస్ గ్రీకు మాట. ధాన్యాన్నీ కొయ్యనూ తొలిచే పురుగని అర్థం. గ్రీకులో ప్రథమ ‘కిస్’, షష్ఠి ‘కియోస్’. చివరి సకారం ప్రథమా ప్రత్యయమే కాబట్టి షష్ఠిలో నిలవదు. మిగిలిన ‘కి’ లాటిన్‌లో ‘సి’ అయి, ‘ఇడే’తో కలిసి సియిడే అయింది. మన ఔపవిభక్తికాల తీరూ ఇంతే: ఇల్లు, ఏరు అంటాం గాని సమాసంలో ఇంటివారు, ఏటిగట్టు అవుతాయి. పాత గ్రంథాల్లో ‘సిసిడే’ కనిపిస్తుంది. దాన్ని ఇప్పుడు వాడరు. యకారం వదిలి ‘సిఐడి’ అని మాత్రం రాయకండి, చదివేవారికి పోలీసు శాఖ తడుతుంది.

‘జాతి’ రెండు చోట్లా తప్పే. సియిడే పెంకుపురుగుల కుటుంబం. సిస్ ప్రజాతి, 1796లో ఫ్రెంచి కీటక శాస్త్రవేత్త లాత్రెయ్ ఏర్పరచినది. ‘సిస్ బొలెటి’ అని రెండు మాటలూ కలిస్తేనే జాతి. ఈ కుటుంబంలో ప్రజాతులు 40కి పైగా, జాతులు 600కు పైగా ఉన్నాయి; ఒక్క ‘ప్ర’ జారితే లెక్కంతా తారుమారవుతుంది. పేరు చివరి భాగాన్నీ కత్తిరించకూడదు: టెనెబ్రియోనాయిడియా అధికుటుంబం, సియిడే కుటుంబం, సియినే ఉపకుటుంబం. అంతస్తు తెలిసేది ఆ చివరి అక్షరాల వల్లనే.

మీరు అడగకపోయినా, ‘బూజు’ అన్న మాట నాకు మరింత బాధ కలిగించింది. ఈ పురుగులు పెద్దవైనా పిల్లవైనా బతికేది మానుకు అరల్లా అంటుకొని పెరిగే గట్టి పుట్టగొడుగుల్లో. వాటికి పుట్టా లేదు, గొడుగూ లేదు. అయినా బూజు కంటే పుట్టగొడుగు అనడమే నయం. బూజు మేసే పెంకుపురుగుల కుటుంబం వేరు, అది లాట్రిడియిడే. ‘బూజు పురుగు’ను దానికి వదిలేద్దాం. సియిడేలో చాలా జాతుల మగవాటికి తలపై చిన్న కొమ్ములుంటాయి. అయినా ‘కొమ్ము పురుగు’ అనలేం, కొబ్బరి రైతులు ఆ పేరును మరో పురుగుకు ఎప్పుడో ఇచ్చేశారు. ‘మానుపుట్టగొడుగు పెంకుపురుగు’ అని నా సూచన. పొడుగైన పేరే, కాని పొరపాటుకు తావివ్వదు.

ఆ వాక్యాన్ని ఇలా దిద్దుకోవచ్చు: ‘సిస్ మొదలైన ప్రజాతులున్న సియిడే కుటుంబపు మానుపుట్టగొడుగు పెంకుపురుగులు.’